కిటికీలో రెండు గీతలు

ఆగస్టు 19, మంగళవారం

తప్పు. నిన్న నువ్వు రాసింది తప్పు, టీచరమ్మా. "మనవరాలి మొగుడు భూపాల్ సెలవు మీద వచ్చి రెండు నెలలు కావస్తున్నది" అని రాశావు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాడు ఎట్లా దిగుతాడో కామారెడ్డిలో పసిపిల్లలకు కూడా తెలుసు. నైలాన్ తాళ్ళు బిగించిన అట్టపెట్టెలు, వాటి మీద పెద్ద అక్షరాలతో పేరూ ఊరూ, పూల దుప్పట్లు, అత్తగారికి సెంటు సీసా, ముసలిదానికి కీళ్ళనొప్పుల తైలం. ఈ పిల్లవాడు జూన్ చివర్లో ఒక చేతిసంచితో తన ఊరు ఎల్లారెడ్డిలో దిగాడు. కూతురు పుట్టిందని ఆత్రంకొద్దీ పరుగెత్తుకొచ్చాడని అందరం మురిసిపోయాం. నాకు తైలం రాలేదు. అప్పుడైనా అనుమానపడాల్సింది.

బాలికల హైస్కూల్లో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరి పిల్లల తప్పులన్నీ దిద్దావు. సొంత డైరీలో తప్పు రాసుకుంటే ఎర్రసిరా ఎవరు పెడతారు?

విషయం ఇవాళ తెలిసింది. దోమకొండ వెంకటి పనిమీద టౌనుకు వచ్చి, నా కొడుకు రాజేశాన్ని పలకరించిపోదామని ఇంటికొచ్చాడు. రాజేశం బస్సు డ్యూటీలో ఉన్నాడు. వెంకటి చాయ్ తాగుతూ, అరుగు మీద కూర్చుని, వీధికి వినబడేలా అన్నాడు.

"ఏందవ్వా, మీ భూపాల్ మెడికల్ల అన్‌ఫిట్ అయ్యిండట గదా? ఆయన క్యాంపుల మావోళ్ళున్నరు, ఫోన్ల చెప్పిన్రు. పాపం, మంచి కంపెనీ పోయె."

నా కోడలు అనిల చేతిలోని చాయ్ గిన్నె అట్లాగే ఆగింది.

ఆగస్టు 20, బుధవారం

అన్‌ఫిట్. ఇంగ్లీషులో కొలత కుదరని చెప్పులకూ ఈ మాటే వాడవచ్చు. మా వైపు మాత్రం అదొక జబ్బు పేరు. అక్కడ పనికి కాగితాలు తిరగరాయించేటప్పుడు మెడికల్ చేస్తారు. అందులో ఫెయిలైనవాడిని విమానం ఎక్కిస్తారు. ఏమైందని ఇక్కడ ఎవరూ తరచి అడగరు. ఛాతీలో మచ్చ అంటారు, అందరూ తలూపుతారు. ఈ జిల్లాలో ఇన్ని ఛాతీల మీద ఇన్ని మచ్చలు ఎట్లా వచ్చాయో ఆలోచించే తీరిక ఎవరికుంది?

అనిల అల్లుడికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

"ఔ అత్తమ్మా, ఎక్స్‌రేల మచ్చ ఉన్నదన్నరు," అన్నాడు భూపాల్. "దగ్గు గిట్ల ఏం లేదు. మీరు పరేషాన్ అయితరని చెప్పలే."

మనవరాలు సాయిలత పక్కనే కూర్చుని చిన్నదానికి పాలిస్తున్నది. మూడు నెలలు దాటిన పిల్ల. జూలై అంతా ఆ పిల్లతో ఎల్లారెడ్డిలో అత్తగారింట్లోనే ఉండి వచ్చింది. మొగుడు వచ్చి ఉంటే బాలింతను మనింట్లో పెట్టుకుంటే బాగుండదని అనిలే పంపింది.

"క్షయ అయితే చంటిపిల్లకు మంచిది కాదు," అన్నాను. "శుక్రవారం రమ్మను. ఇక్కడ ఫొటో తీయిద్దాం."

ఆగస్టు 22, శుక్రవారం

తీయించాం. డాక్టరు ఆ ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తిపట్టి, "అద్దం లెక్క ఉన్నయి ఊపిరితిత్తులు. ఎవరు చెప్పిన్రు మచ్చ అని?" అన్నాడు.

అనిల అక్కడే దండం పెట్టింది. తోవలో మైసూర్‌పాక్ కొన్నది. సాయిలత ఒక ముక్క తుంచి మొగుడి నోట్లో పెట్టింది.

"నేను అప్పుడే అన్న గదా, వాండ్ల మిషిన్లే ఖరాబని," అన్నది. "ఇగ ఇంకో వీసా చూసుకోరాదు."

నేను రెండు ముక్కలు తిన్నాను. తింటూ ఉండగానే ఈ ప్రశ్న వచ్చింది. మచ్చ లేకపోతే మరి అన్‌ఫిట్ ఎందుకు?

ఇంట్లో ఎవరికీ ఇది తట్టలేదు. తట్టినవాడు ఇంకొకడున్నాడు. వాడు ఆ ఒక్క ముక్కనూ ఎంతసేపటికీ మింగలేకపోయాడు.

ఆగస్టు 23, శనివారం

మచ్చ మానిపోయి ఉంటుంది.

ఆగస్టు 24, ఆదివారం

మచ్చలు అంత తొందరగా మానవు. రేపు అడుగుతాను.

ఆగస్టు 25, సోమవారం

అతన్ని అడగలేదు. సర్కారు దవాఖానకు పోయాను, బీపీ మాత్రలకు. మాత్రలు తీసుకున్నాక కాళ్ళు ఎవరూ పేరెత్తని ఆ రక్తపరీక్ష గది వైపు పోయాయి. ఆ గది ముందు ఒక మంచి బెంచీ ఉంది, దాని మీద ఎవరూ కూర్చోరు. ఎదురుగా కళ్ళ డాక్టరు బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, ఇటు ఎవరు వస్తారా అని చూస్తుంటారు. కళ్ళకు వచ్చిన ఇబ్బందేమీ లేదు వాళ్ళకు.

నేను దర్జాగా కూర్చున్నాను. నడుంనొప్పి మనిషిని, ఖాళీ బెంచీ వదులుకోను.

లోపల కౌన్సెలర్ పేరు కళ్యాణి. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మీకేనా టీచర్?"

"నాకే అనుకో. ఒక మగపిల్లవాడు గల్ఫ్ నుంచి అన్‌ఫిట్ అయి వచ్చాడు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఇంట్లో పాలిచ్చే తల్లి ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు పరీక్ష చేశారు, కార్డు మీద లేదని ముద్ర ఉంది."

కళ్యాణి పెన్ను మూత పెట్టింది.

"ముద్ర కడుపుతోని ఉన్ననాటిది. ఆడోళ్ళకు అప్పుడు చేస్తం. మొగోన్ని తోల్కరమ్మంటం. మొగోడు యాడున్నడు? ఎడారిల ఉన్నడు. కాన్పైనంక వస్తడు. ఇగ అప్పుడు తల్లినీ ఎవ్వలూ మల్ల అడగరు, తండ్రినీ అడగరు. టీకాలకు వచ్చినప్పుడు పిల్ల బరువు చూస్తం, గంతే."

"అయితే ఏం చేయాలి?"

"ఆయన రావాలె. లేకుంటే ఆమె రావాలె. మీరు ఆ ఇద్దర్ల ఎవ్వరూ కాదు టీచర్. మీ అనుమానం మీద నేను ఎవ్వల రక్తం తీయలేను."

అతను రాడన్నాను. ఈ బెంచీ మీద కూర్చున్నాడంటే సాయంత్రం బస్సుకు ఆ కబురు అతనికంటే ముందే ఎల్లారెడ్డి చేరుతుందన్నాను. కళ్యాణి కాదనలేదు. బీరువాలోంచి మూడు పొట్లాలు తీసింది. ఇంట్లో ఎవరికివారు చేసుకునే పరీక్షట. ఒక సంస్థవాళ్ళు ఇచ్చి చూస్తున్నారట. సూది లేదు, రక్తం లేదు, చిగుళ్ళ తడితో చూస్తుంది.

"ఇది ఆఖరి మాట కాదు. రెండు గీతలొస్తే ఈడికి రావాలె, పక్కాగ చేస్తం. చంటిపిల్లకు ఇది పెట్టొద్దు. ఇంకోటి, ఎవలిది వాండ్లే చేసుకోవాలె. మీరు చేస్త అనొద్దు, చేపిస్త అనొద్దు."

చెయ్యి అనకూడదు, చేసుకో అనాలి. నేను తరగతిలో చెప్పిన పాఠమే.

ఆగస్టు 26, మంగళవారం

మొదట నా మీదే చేసుకున్నాను. తెలియని వస్తువును పిల్లల చేతికి ఎట్లా ఇస్తాను? పై చిగుళ్ళ మీద ఒకసారి, కింది చిగుళ్ళ మీద ఒకసారి రుద్ది, పుల్లను మందునీళ్ళ గొట్టంలో నిలబెట్టి, గడియారం ముందు పెట్టుకున్నాను. డెబ్బై దాటిన విధవను. ఇన్నేళ్ళలో నా నోటి జోలికి వచ్చింది పళ్ళ డాక్టరు ఒక్కడే. అయినా నిమిషానికోసారి లేచి ఆ గొట్టంలోకి తొంగిచూశాను.

ఒక్క గీత. పాసయ్యాను.

నాకే ఇట్లా ఉంటే ఆ పిల్లవాడికి ఎట్లా ఉంటుంది? పుల్లను కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుగున కుక్కాను.

ఆగస్టు 27, బుధవారం. చవితి

వాన. భూపాల్ పొద్దున్నే బస్సులో వచ్చాడు, కూతురికి మొదటి చవితి అని. పూజ అయ్యేసరికి వీధి వాగయింది. మధ్యాహ్నానికి ఎల్లారెడ్డి రోడ్డు తెగిందన్నారు, తర్వాత రైళ్ళు కూడా ఆగాయన్నారు. పోచారం ప్రాజెక్టు మత్తడి మీది నుంచి నీళ్ళు ఎన్నడూ లేనంతగా దుంకుతున్నాయట. రాజేశం బస్సుతో సహా బాన్సువాడలో ఇరుక్కుపోయాడు.

ఇక అల్లుడు ఇక్కడే ఉండాలి. అనిల లోపలి గదిలో సాయి మంచం పక్కన ఇంకో పరుపు వేయబోయింది.

"వద్దు," అన్నాను. "బాలింత గదిలో చవితినాడు మొగుడు పడుకోకూడదు."

"గిదెప్పటి ముచ్చట అత్తా? నేనెన్నడు వినలే."

"నువ్వు చదువుకోలేదు, వినలేదు."

"ఏ పుస్తకంల ఉన్నది?"

"పెద్ద పుస్తకంలో ఉంది. సామాను సర్దేటప్పుడు చూపిస్తాను."

సాయిలత కిలకిలా నవ్వింది. "అవ్వా, రాహుకాలం అడిగితే బెత్తం పట్టుకునేటిదానివి, నువ్వు ఎప్పటి సంది గిసొంటియి చెప్పవడ్తివి?"

భూపాల్ నవ్వలేదు. తలగడ తనే తీసుకుని ముందు గదిలోకి పోయాడు. ఎందుకో అడగలేదు. ఏ అల్లుడైనా ఒక్కమాట వాదించి చూస్తాడు.

ఆగస్టు 28, గురువారం

వాన ఆగలేదు. మంచిదే అయింది. రేకుల మీద ఆ చప్పుడులో పక్క మనిషి మాట కూడా వినబడదు. అనిల వంటలో ఉన్నప్పుడు వరండాలో అతని పక్కన కుర్చీ వేసుకున్నాను.

"మచ్చ లేదు కదా భూపాలూ. అక్కడ ఏం తీశారు, ఎక్స్‌రేనా, రక్తమా?"

నా చెవి దగ్గరికి వంగాడు.

"రెండూ తీసిన్రు అవ్వా. తెల్లారి మల్ల పిలిచి రక్తమొక్కటే తీసిన్రు. మర్నాడు డ్యూటీకి రావద్దన్నరు. ఒక రూంల ఏసి తాళం పెట్టిన్రు. ఏమైందని అడిగితే, అన్‌ఫిట్ అన్నరు. రోగం పేరు చెప్పుండ్రి సార్ అని కాళ్ళు మొక్కిన. అన్‌ఫిట్, అన్‌ఫిట్, గదే మాట. టికెట్ చేతుల పెట్టిన్రు."

"ఇక్కడికొచ్చాక నువ్వెందుకు చూపించుకోలేదు?"

"మచ్చనే అనుకున్న."

"రక్తంలో మచ్చ కనబడదు నాయనా."

"ఎరుకే." ఒళ్ళో చేతులు పిసుక్కున్నాడు. "తెల్సుకుంటె ఇగ ఉన్నట్టే గదవ్వా. తెల్వకుంటె..."

"తెలియకపోతే లేనట్టా?"

 అది ఎట్లా వచ్చి ఉంటుందో, ఎవరి వల్లనో నేను అడగలేదు. అడిగితే చెప్పేసేలా ఉన్నాడు. అది సాయి అడగాల్సిన ప్రశ్న, నాది కాదు.

పొట్లం ఇచ్చి ఎట్లా వాడాలో చెప్పాను. నేను వాడానన్నాను. అతనికి నవ్వొచ్చింది, వెంటనే పోయింది.

"నువ్వు చేసుకోవాలి. చేసుకుని సాయికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను. కానీ ఆ పిల్ల పాలిస్తున్నది భూపాలూ. పూటపూటకూ ఇస్తున్నది."

"రేపు, అవ్వా."

నేను కూడా ఆదివారం నాడు ఇదే మాట రాసుకున్నాను.

ఆగస్టు 29, శుక్రవారం

"చేసుకున్నావా?"

"పారేసిన అవ్వా."

ఏది పారేశాడు? విప్పకుండానే పొట్లమా, చేసుకున్నాక పుల్లా? ఆ వాక్యంలో కర్మ లేదు. పిల్లల పేపర్లో అయితే సున్నా వేసి పక్కన 'ఏమిటి?' అని రాసేదాన్ని. ఇప్పుడు సరే అని తలూపి వచ్చాను. చిన్నది రెండుసార్లు పాలు తాగింది. తర్వాత ఇంకోసారి.

ఆగస్టు 30, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాన తెరిపిచ్చింది. బట్టలు ఉతకడానికి బాత్రూంలోకి పోయిన అనిల కేకేసుకుంటూ బయటికి వచ్చింది. చేతిలో తెల్ల పుల్ల. వెంటిలేటర్ కిటికీలో, పాత సబ్బుపెట్టె వెనకాల దొరికిందట.

"ఓ సాయీ! గిదేందే? రెండు గీతలు!"

సాయిలత వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని పిల్లకు పాలిస్తున్నది. భూపాల్ గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు, దారి ఏమైనా తెరిచారేమో కనుక్కుందామని.

మా ఇంట్లో రెండు గీతలంటే ఒకటే అర్థం. నిరుడు అట్లాంటి రెండు గీతలను సాయి ఫొటో తీసి గల్ఫ్‌కు పంపింది. అనిల వీధంతా చక్కెర పంచింది. ఆ వీధిలో ఇంకా కొందరు ఆ చక్కెర మాట ఎత్తుతుంటారు.

"బిడ్డకు ఇంకా అన్నం కూడా ముట్టలే, మల్ల కడుపా?" అనిల నెత్తి కొట్టుకున్నది. నెత్తి కొట్టుకుంటూనే ముఖంలో ఓ మూల వెలుగు. "నెలరోజులు అత్తగారింటికి తోలిస్తే గిదా మీరు చేసింది? నలుగురు ఏమంటరు?"

"నాకేం తెల్వదే అమ్మా. నేను చూసుకోలే."

"చూసుకోకుంటే గిది యాడికెల్లి వచ్చింది?"

"నాకింకా ముట్టే రాలే, నేనెందుకు చూసుకుంట?"

"ముట్టు రాకుంటెనే అయితదే పిచ్చిదానా! చేసుకున్నది చెప్తె ఏం పోతది?"

"నేను కాదంటున్న గదా!"

"నువ్వు కాకుంటే ఎవలు? నేనా? మీ అవ్వనా?"

నాదే అని చెప్దామనిపించింది. నిజంగా నోటిదాకా వచ్చింది. నవ్వుతారు, నవ్వి వదిలేస్తారు, ఇంకొక పూట గడుస్తుంది. ఇంకొక పూట అంటే ఇంకొకసారి పాలు.

"నాది," అన్నాడు భూపాల్.

అనిల పకపకా నవ్వింది. "ఏంది అల్లుడూ, మొగోనికి కడుపా? గిదొక్కటే తక్కువుండె..."

నవ్వు మధ్యలో నా ముఖం చూసింది. తర్వాత చేతిలో పుల్లను చూసింది. దాన్ని బకెట్లోకి వదిలేసి, చెయ్యి చీరకు తుడుచుకున్నది. మళ్ళీ తుడుచుకున్నది.

"అన్‌ఫిట్ గిందుకే అయిన సాయీ," అన్నాడు అతను. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు. "మచ్చ లేకుండె."

ఎవరూ ఆ పేరు అనలేదు. పేరు ఇక్కడ నేను రాస్తున్నాను, ఇన్ని రోజులు రాయనిది. హెచ్‌ఐవీ.

నలుగురం ఒకేసారి చూసింది చిన్నదాన్నే. అది కళ్ళు మూసుకుని, గుప్పిటతో తల్లి రొమ్మును పట్టుకుని, గుటక గుటకకూ చిన్న చప్పుడు చేస్తూ తాగుతూనే ఉంది.

సెప్టెంబరు 1, సోమవారం

ఆ బెంచీ మీద ఐదుగురం కూర్చున్నాం, చంటిదానితో కలిపి. ఎదుటి బెంచీ వాళ్ళకు పండుగ.

భూపాల్‌కు రకరకాలుగా మళ్ళీ చేశారు. ఉన్నది. డాక్టరమ్మ మెత్తగానే మాట్లాడింది. రోజూ మాత్ర వేసుకుంటే నిండు జీవితం బతుకుతాడట. తప్పకుండా వేసుకుంటూ పోతే రక్తంలో దొరకనంతగా తగ్గిపోతుందట, అప్పుడు భార్యకు కూడా అంటదట. అప్పటిదాకా నిరోధ్ వాడాలి. సాయికి లేదని తేలితే ముందుజాగ్రత్తకు ఆమెకూ ఒక మాత్ర ఉందట. ఒక కంచంలో తిన్నా, పిల్లను ఎత్తుకున్నా ఏమీ కాదని రెండుసార్లు చెప్పింది. రెండోసారి అనిలను చూస్తూ చెప్పింది.

సాయిలతకు పరీక్ష చేశారు. లేదు.

అనిల మొక్కబోయింది. డాక్టరమ్మ ఆపింది.

"ఇప్పుడే సంబరపడొద్దమ్మా. కొత్తగా అంటుకుంటే కొన్ని వారాలదాకా ఈ పరీక్షకు దొరకదు. ఇంకో రకం పరీక్షకు రక్తం హైదరాబాద్ పంపుతం. ఆ రిపోర్టు వస్తే ఒక దారి తెలుస్తది."

"పాలు?" అన్నది సాయి. ఆ రోజంతా ఆమె మాట్లాడిన ఒకే మాట.

"కొత్తగా అంటుకున్న తల్లి పాలల్లనే అది ఎక్కువ ఉంటది. అంటకపోతే నీ పాలను మించింది పిల్లకు లేదు. అందుకని ఎండిపోనియ్యొద్దు. రిపోర్టు వచ్చేదాకా పాలు పిండి, గాజు సీసల పోసి, నీళ్ళ గిన్నెల పెట్టి, నీళ్ళు సలసల తెర్లంగనే తీసెయ్యండి. చల్లారినంక ఉగ్గుగిన్నెతోని పట్టండి. రొమ్ము మాత్రం ఇయ్యొద్దు."

ఉందో లేదో తెలియదు. ఇవ్వాలో మానాలో తెలియదు. ఇంత చదివి నేను చేయగలిగింది స్టౌ దగ్గర నిలబడడం.

సెప్టెంబరు 2, మంగళవారం

చిన్నది ఉగ్గుగిన్నెను నెట్టేస్తుంది. సగం మెడ మీదికి పోతుంది. తల్లి వాసన తగిలితే ఆ వైపే మెడ తిప్పి ఏడుస్తుంది. అందుకని పట్టేటప్పుడు సాయిని వేరే గదిలో కూర్చోమంటున్నాం. గోడ ఇవతల పిల్ల ఏడుస్తుంటే గోడ అవతల ఆమె జాకెట్టు తడిసిపోతుంది.

భూపాల్ ఎల్లారెడ్డి పోయాడు. పొమ్మన్నది సాయి కాదు, అనిల. బాన్సువాడ నుంచి వచ్చిన రాజేశానికి చెప్పింది కూడా అనిలే.

సెప్టెంబరు 3, బుధవారం

పక్కింటి భూమక్క వచ్చింది. "ఏందో, పిల్లకు గిన్నెతోని పడ్తున్నరట? పాలు గుంజుకున్నయా?"

"రొమ్ముకు గడ్డైందక్కా," అన్నది అనిల.

భూమక్క రేపు కలబంద తెస్తుందట.

సెప్టెంబరు 4, గురువారం

ఇవాళ మధ్యాహ్నం నేను సాయి గదిలోకి పోలేదు.

సెప్టెంబరు 5, శుక్రవారం

టీచర్ల దినం. పాత విద్యార్థినులు పొద్దుటి నుంచి ఫోన్లు. మీరు మాకు తప్పొప్పులు నేర్పారు టీచర్ అని ఒకామె కువైట్ నుంచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. థాంక్స్ అమ్మా అన్నాను.

నిన్న రాసింది తప్పు. పోయాను.

తలుపు ఓరగా ఉంది. సాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది, కళ్ళు మూసి. చిన్నది ఆమె రొమ్ము పట్టుకుని తాగుతున్నది. పిల్ల ముఖంలో ఇన్నిరోజుల ఏడుపు ఏమీ మిగల్లేదు. అడుగు ముందుకు వేస్తే చేయి అందుతుంది. చిటికెనవేలు నోటి మూలలో పెడితే పట్టు వదులుతుంది, ముగ్గురు పిల్లలను పెంచినదాన్ని, నాకు తెలుసు. నిలబడ్డాను. అనిల వస్తున్న అలికిడైతే తలుపు దగ్గరగా వేసి, ఇవతల వంటింటి గట్టు తుడవడం మొదలుపెట్టాను. గట్టు శుభ్రంగానే ఉంది.

ఇవాళ సాయి వచ్చి నా ఎదురుగా కూర్చున్నది.

"నిన్న తలుపేసింది నువ్వే గదా అవ్వా."

"నేనే."

"ఎందుకు ఆపలే?"

ఉగ్గుగిన్నెను దగ్గరికి లాక్కుని, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాను.

"ఎక్స్‌రే నాటి సంది నీకు అనుమానమేనట గదా. ఆయన ఫోన్ల చెప్పిండు. గన్ని దినాలు నేను పాలిచ్చుకుంట కూసున్న. నువ్వు చూసుకుంట కూసున్నవ్."

"నా దగ్గర ఉన్నది అనుమానమే సాయీ. అది ఇంకొకరి రక్తం సంగతి. అతనే చెప్పాలని..."

"రక్తం ఆయనది," అన్నది. "పాలు నావి గదా."

 ఆమె లేచిపోయింది. కాసేపటికి లోపలి నుంచి పాలు పిండిన సీసా పంపింది, తల్లి చేత.

సెప్టెంబరు 6, శనివారం

కళ్యాణి ఫోన్ చేసింది. రిపోర్టు అనుకున్నాను. వానలకు రోడ్లు తెగి, డబ్బా ఎక్కడెక్కడో తిరిగి పోయిందట. ఎక్కువసేపు చల్లదనం లేక రక్తం పనికిరాకుండా అయిందట. ఎవరినీ అనడానికి లేదు. సోమవారం మళ్ళీ ఇవ్వాలి. మళ్ళీ పంపాలి. మళ్ళీ ఎదురుచూడాలి.

మొన్న జరిగింది, తలుపు వెనకది, ఆమెకు చెప్పాను. నా తప్పుగా చెప్పాను. కళ్యాణి కోప్పడలేదు. సోమవారం డాక్టరమ్మకు కూడా చెప్పాలన్నది, పిల్లకేమైనా మందు కావాలేమో చూస్తారట. "ఇంకోపారి కాకుండ చూడుండ్రి టీచర్. ఆమెను ఒక్కదాన్నే ఉంచకుండ్రి."

భూపాల్ పొద్దున వచ్చాడు. అనిల మాట్లాడలేదు గానీ వాకిట్లో కుర్చీ వేసింది. మాత్రలు వేసుకుంటున్నానని నాకు చూపించాడు, హోంవర్క్ చూపించినట్టు. సాయి బయటికి ఒక్కసారే వచ్చింది. చిన్నదాన్ని తెచ్చి అతని ఒళ్ళో పడుకోబెట్టి లోపలికి పోయింది. అంతే. అది కోపమో, ఇంకేమైనానో నేను తేల్చను. తేల్చి తేల్చి అలసిపోయాను.

సాయంత్రం స్టౌ దగ్గర సీసా పగిలింది. నీళ్ళు అప్పటికే సలసలా తెర్లుతున్నాయి, తొందరలో చల్లటి సీసాను అందులో దించాను. టప్ మన్నది. పాలు నీళ్ళలో తెల్లగా విచ్చుకుపోయాయి. మధ్యాహ్నమంతా కూర్చుని పిండిన పాలు. సాయి గడపలో నిలబడి చూసింది. దవాఖానలో ఏడవని పిల్ల, మొగుడు చెప్పినప్పుడు ఏడవని పిల్ల, ఆ గిన్నెను చూసి నేల మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూలబడ్డాను. నన్ను నెట్టలేదు.

లోపల చిన్నది ఆకలికి లేచింది. స్టీలు గ్లాసులో మళ్ళీ పిండి, కాచి, ఆ పూటకు ఎట్లాగో నెట్టాం.

రేపు ఆదివారం. మర్చిపోకు టీచరమ్మా. స్టేషన్ రోడ్డులో సామాన్ల కొట్టు ఆలస్యంగా తీస్తారు, పోయి గడపలో కూర్చో. గాజు సీసాలు తీసుకో, వెడల్పు మూతివి, మందంగా ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి. ఒకటి పగిలినా ఆ పూట ఆగకుండా ఇంకొకటి ఉండాలి. పచ్చడి పోసి అమ్మినవి వద్దు, ఎంత కడిగినా వాసన పోదు, పిల్ల పట్టదు. ఎందుకవ్వా అని కొట్టువాడు అడిగితే నిమ్మకాయ తొక్కు పెట్టడానికని చెప్పు. ఇంటికి తెచ్చి సీసాల మీది కాగితం నానబెట్టి గీకు, మరగబెట్టి బోర్లించు. సీసాను ముందే చల్లనీళ్ళలో పెట్టి, తర్వాతే స్టౌ వెలిగించు. సాయి లేచి పాలు పిండేసరికి సిద్ధంగా ఉండాలి.